గన్నవరం విమానాశ్రయం: రన్‌వే పొడవుతో పాటు వాతావరణ సమాచారమూ కీలకమే

విజయవాడ: గన్నవరం విమానాశ్రయ రన్‌వే పొడవు 2021లో 2,286 మీటర్ల నుండి 3,360 మీటర్లకు పెరిగింది. ఇందుకోసం పరిసర గ్రామాల రైతులు తమ భూములను అప్పగించారు. తత్ఫలితంగా పెద్ద విమానాలు దిగేందుకు వీలు కలిగింది. అయినప్పటికీ శీతాకాలపు ఉదయాలలో దట్టమైన పొగమంచు కమ్మినప్పుడు విమానాలు ఆకాశంలో చక్కర్లు కొట్టడం, హైదరాబాద్‌కు మళ్లడం జరుగుతూనే ఉంది. రన్‌వే పొడవు విమానం ఆగేందుకు చోటునిస్తుందే గాని, పైలట్‌కు చూపునివ్వజాలదు. ఆ లోటును పూరించేది వాతావరణ నివేదిక.

భారత వాతావరణ శాఖ విమానాశ్రయాల నుండి ప్రతి అరగంటకు ‘మెటార్’ నివేదికను విడుదల చేస్తుంది. పరిస్థితి హఠాత్తుగా మారినచో ప్రత్యేక నివేదిక వెలువడుతుంది. గాలి దిశ, వేగం, దృశ్యత, మేఘాల ఎత్తు, ఉష్ణోగ్రత, మంచు బిందువు, వాయు పీడనం ఇందులో ఉంటాయి. ఉష్ణోగ్రత, మంచు బిందువు దాదాపు సమానమైతే పొగమంచుకు అవకాశం ఉన్నట్లు. దృశ్యత 1,000 మీటర్ల కన్నా తగ్గితే దానిని పొగమంచుగా పరిగణిస్తారు. సమయం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది కనుక, 01.00 గంటల నివేదిక మనకు ఉదయం 6.30 గంటల నివేదిక అవుతుంది.

మొదటి శ్రేణి ఐఎల్ఎస్ సహాయంతో దిగాలంటే రన్‌వేపై దృశ్యత కనీసం 550 మీటర్లు ఉండాలి. అంతకన్నా చాలా తక్కువ దృశ్యతలో దిగేందుకు ఢిల్లీలో ఉన్నట్లు మూడవ శ్రేణి పరికరాలు, అందుకు తగిన విమానాలు, శిక్షణ పొందిన పైలట్లు కావాలి. రన్‌వే దృశ్యతను కొలిచే ‘దృష్టి’ పరికరాన్ని బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలు స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందించడం గమనార్హం.

సమాచారం అందడం ఎంత ముఖ్యమో, దానిని పాటించడం అంతే ముఖ్యం. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వర్షంలో, వెనుక నుండి గాలి వీస్తుండగా దిగిన విమానం, 2,700 మీటర్ల రన్‌వేలో దాదాపు సగం దాటిన తరువాతనే నేలను తాకింది. ఆ దుర్ఘటనలో 21 మంది మరణించారు.

ఈ నేపథ్యంలో విమానం ఆలస్యం కావడాన్ని, మళ్లింపును వైఫల్యంగా భావించరాదు. అది ప్రాణరక్షణకు తీసుకున్న నిర్ణయం. అయితే చికిత్సకు వెళ్లే రోగికి, ఇంటర్వ్యూకు వెళ్లే నిరుద్యోగికి ఆ ఆలస్యం భారమే. పైలట్‌కు అందుతున్న సమాచారం ప్రయాణికునికి కూడా సకాలంలో, తేట తెలుగులో అందినప్పుడే రైతులు ఇచ్చిన భూమికి పూర్తి సార్థకత చేకూరుతుంది.