మొక్కకు నీళ్లు తగ్గించమని కార్బన్ డయాక్సైడ్ చెప్పలేదు

పర్యావరణం నోట్సుల్లో ఒక వాక్యం చేతులు మారుతూనే ఉంది: "కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పత్రరంధ్రాలు కుదించుకుంటాయి, కాబట్టి చెట్లకు నీరు తక్కువ చాలు." మొదటి సగం చాలావరకు నిజం. రెండో సగాన్ని మాత్రం మెయిన్స్‌లో రాయకండి.

పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో సుమారు 280 పీపీఎం ఉన్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. వాయువు తేలిగ్గా దొరుకుతోంది కనుక ఆకు తన రంధ్రాలను కొంత మూస్తుంది. అంతే కార్బన్ సంపాదించడానికి తక్కువ నీరు ఆవిరవుతుంది. దీన్నే నీటి వినియోగ సామర్థ్యం అంటాం. కానీ అది నిష్పత్తి, మొత్తం ఖర్చు కాదు. మంచి మైలేజీ ఇచ్చే బండి కొని రెట్టింపు తిరిగితే పెట్రోలు మిగులుతుందా?

లేత మొక్క చేసేదీ అదే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పైభాగం తెరిచి ఉన్న చాంబర్లలో, అధిక కార్బన్ డయాక్సైడ్‌లో గుమ్మడిటేకు మొక్కలను పెంచారు. వాటి ఎదుగుదల, జీవద్రవ్యరాశి పెరిగాయని 2011లో ప్రచురించారు. ఒక్కో ఆకు ఆదా చేసిన నీటిని కొత్తగా వేసిన ఆకులు తాగేయవచ్చు. ఆ ఎదుగుదలకూ హామీ లేదు: అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో స్వీట్‌గమ్ చెట్లకు మొదట్లో వచ్చిన లాభం నేలలో నైట్రోజన్ చాలక క్రమంగా తగ్గిపోయింది.

"ఉపగ్రహ చిత్రాల్లో భూమి పచ్చబడుతోంది కదా?" అంటారు. నిజమే. పచ్చదనం అంటే ఆకులు, ఆకులంటే నీటి ఖర్చు.

పైగా ఈ వాయువు ఒంటరిగా రాదు, వేడిని వెంటబెట్టుకొస్తుంది. నేనుండే రుఆబాంధాలో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పొడి గాలి ఆకు నుంచి నీటిని మరింత లాగుతుంది. రంధ్రాలు మూస్తే ఆకు చల్లబడదు. పెద్ద చెట్టుకు లోతైన వేళ్లున్నాయి, నిరుడు నాటిన మొక్కకు ఏముంది?

భిలాయి ఉక్కుకు ఖనిజమిచ్చే దల్లీ రాజహరా, రావ్‌ఘాట్ గనులు అడవుల ప్రాంతంలోనివే. పోయిన అడవికి బదులు నాటేవి ఇలాంటి లేత మొక్కలే. తెలంగాణ హరితహారం కావచ్చు, 2016 నాటి పరిహార అటవీకరణ నిధి చట్టం కావచ్చు, అడగాల్సింది ఎన్ని నాటారని కాదు, మూడో వేసవికి ఎన్ని బతికాయని.

కాబట్టి జవాబును మూడు మెట్లుగా రాయండి: ఆకు, మొక్క, నేల. ఆకు దగ్గరే ఆగిపోతే పోయేది రెండు మార్కులు. రేపు ఫైలు మీద సంతకం పెట్టే అధికారి కూడా అక్కడే ఆగి నీటి ట్యాంకర్ల ఖర్చు కొట్టేస్తే, పోయేది తోట. ఆ అధికారి మీరే కావచ్చు.