మూల నలగని బాల్యం

1980లో టాప్స్ కంపెనీ పిల్లలు చింపుకోవడానికని బాస్కెట్‌బాల్ కార్డులు తయారుచేసింది. ఒక్కో అట్టముక్క మీద పక్కపక్కన మూడు బొమ్మలు, వాటి మధ్య తపాలా బిళ్లలకు ఉండేలాంటి సన్నటి చిల్లులు. చిల్లుల వెంబడి మడిచి లాగితే ఒక కార్డు మూడవుతుంది. అలాంటి ఒక అట్ట మీద ఒక చివర లారీ బర్డ్, నడుమ జూలియస్ ఎర్వింగ్, ఇంకో చివర మ్యాజిక్ జాన్సన్ ఉన్నారు. బర్డ్, జాన్సన్ అప్పటికి ఎన్‌బీఏలో ఒక్క సీజనే ఆడిన కుర్రాళ్లు. కంపెనీ చెప్పినట్టు విన్న పిల్లలు ముగ్గురినీ విడదీసి, తమ దగ్గర రెండేసి ఉన్నవాటిని స్నేహితులతో మార్చుకున్నారు. బద్ధకించినవాళ్లు చింపకుండానే డబ్బాలో పడేశారు. నలభై ఏళ్లు గడిచాక ఆ చింపని కార్డు, అదీ ఎక్కడా చిన్న మరక లేకుండా ఉంటే, లక్షల డాలర్లు పలికింది. చింపిన ముక్కలకు అందులో వందో వంతు కూడా రాదు.

అమెరికాలో నడివయసు వాళ్లు చిన్ననాటి కార్డుల పెట్టెను అటక మీంచి మళ్లీ దించడం ఈ ఐదారేళ్లుగా ఒక ముచ్చటైన వార్త. పాత బూట్ల డబ్బా, రబ్బరు బ్యాండు వేసిన దొంతరలు, వాటిని చూసి మెత్తబడే తండ్రి. ముచ్చట సంగతి సరే. ఈ పెద్దలు తిరిగొచ్చింది తమ బాల్యం కోసమే అయినా, పోటీలు పడి డబ్బు పోస్తున్నది మాత్రం ఏ పిల్లవాడి చెయ్యీ పడని వస్తువు మీద. ఈ లోపల కొత్త కార్డుల ధరలు ఇప్పటి పిల్లల జేబుకు అందనంత ఎత్తుకు వెళ్లిపోయాయి. ఈ రెంటినీ కలిపి చూడాలి.

కార్డు ఎంత బాగుందో తేల్చే పని గ్రేడింగ్ కంపెనీలది. అందులో పెద్దది పీఎస్‌ఏ, 1991 నుంచి ఉంది. కార్డును భూతద్దం కింద పెట్టి మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ అట్టకు సరిగ్గా మధ్యలో పడిందా లేదా అన్నీ చూసి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి పంపుతారు. తొమ్మిదికీ పదికీ తేడా మామూలు కంటికి ఆనదు. ధరలో మాత్రం ఆ తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. మన దగ్గర తొంభైలలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పహిల్వాన్ల ట్రంప్ కార్డులు ఆడినవాళ్లకు ఈ మార్కుల పద్ధతి వింతగా తోస్తుంది. ఎత్తు, బరువు, ఛాతీ కొలత చెప్పి అవతలివాడి కార్డు లాక్కునే ఆ ఆటలో అందరూ ఆశపడే కార్డే అన్నిటికంటే ముందు నలిగి, మూలలు గుండ్రంగా అరిగిపోయేది. పీఎస్‌ఏ బల్ల మీద పెడితే దానికి ఒకటో రెండో వస్తుంది.

ఈ లోకంలో అందరికీ తెలిసిన కార్డు 1986-87 ఫ్లీర్ మైకేల్ జోర్డాన్. దాని కథ చెప్పుకోదగ్గది. 1981-82 సీజన్ తర్వాత టాప్స్ బాస్కెట్‌బాల్ కార్డులు ఆపేసింది. తర్వాత కొన్నేళ్లు స్టార్ అనే చిన్న కంపెనీ టీముల వారీగా సంచుల్లో పెట్టి డీలర్ల ద్వారా అమ్మింది తప్ప, వీధి కొట్లో పిల్లవాడు కొనుక్కునే ప్యాకెట్ లేదు. 1986లో ఫ్లీర్ ఆ ఖాళీలోకి వచ్చింది. బబుల్ గమ్ పుట్టింది ఈ కంపెనీలోనే. మైనం కాగితం ప్యాకెట్‌లో 12 కార్డులు, ఒక స్టిక్కరు, ఒక గమ్ బిళ్ల. ధర నలభై సెంట్లు. మొత్తం 132 కార్డులు, ఇంటిపేర్ల అక్షరక్రమంలో. మొదటిది కరీమ్ అబ్దుల్ జబ్బార్, ఆటగాళ్లలో చివరివాడు జేమ్స్ వర్తీ. జోర్డాన్ నంబరు 57 కావడానికి ఆ అక్షరక్రమం తప్ప వేరే మహత్యమేమీ లేదు. అన్నేళ్లు ప్యాకెట్లే లేకపోవడంతో చార్ల్స్ బార్క్లీ, పాట్రిక్ యూయింగ్, హకీమ్ ఒలాజువాన్, కార్ల్ మలోన్ లాంటి వాళ్లంతా ఒకేసారి ఈ సెట్‌లోకి దిగారు.

అప్పట్లో ఆ డబ్బాలను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొట్లలో మిగిలిపోయాయి. కొన్న పిల్లలు గమ్ నమిలారు. గమ్‌కు ఆనుకున్న కార్డు వెనక మరక పడింది. ఎరుపు, తెలుపు, నీలం అంచుల రంగు చేతుల్లో తిరిగేకొద్దీ పెచ్చులూడింది. స్టిక్కర్లను పుస్తకాల అట్టలకూ మంచం కోళ్లకూ అతికించారు. స్టిక్కరంటే అతికించడానికే కదా. ఇవాళ జోర్డాన్ స్టిక్కరుకు ధర రావాలంటే అది ఎక్కడా అతుక్కుని ఉండకూడదు. ఈ కార్డు దొరకడం అరుదైతే కాదు. వేలకు వేలు గ్రేడింగ్‌కు వచ్చాయి. పదికి పది తెచ్చుకున్నవి మాత్రం మూడు వందల పైచిలుకే. ఆ అరుదును తయారుచేసింది ఫ్లీర్ కాదు, ఎనభైల నాటి పిల్లల జిడ్డు వేళ్లు. కార్డులను వాళ్లు వాడి పాడుచెయ్యకపోతే, వాడని ఆ కొన్నిటికీ ఇంత గిరాకీ ఉండేదే కాదు.

అమెరికా కార్డుల సేకరణకు పెద్దదిక్కుగా చెప్పుకునే జెఫర్సన్ బర్డిక్ ఈ లెక్కలేవీ ఎరగడు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ పట్టణంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పని చేసిన మనిషి. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. సిగరెట్ ప్యాకెట్ల బొమ్మలు, వ్యాపార ప్రకటనల చీటీలు, బేస్‌బాల్ కార్డులు అన్నీ కలిపి మూడు లక్షలకు పైగా కాగితాలు కూడబెట్టి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేశాడు. ఏళ్ల తరబడి మ్యూజియంలో ఒక మూల కూర్చుని వాటిని వరసపెట్టి ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో పని ముగించాడు. రెండు నెలలకే చనిపోయాడు. జిగురు పెట్టి అంటించాడన్న మాట వింటే ఇప్పటి మదుపరులకు గుండె ఆగినంత పనవుతుంది. లక్షల డాలర్ల విలువైన హోనస్ వాగ్నర్ కార్డు కూడా ఆ అంటించినవాటిలోనే ఉంది మరి.

కార్డులను చేత్తో పట్టుకునే ఈ తీరును మార్చినవాటిలో ధరల పట్టిక ఒకటి. జేమ్స్ బెకెట్ అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ 1984లో బేస్‌బాల్ కార్డుల ధరలతో మాసపత్రిక మొదలుపెట్టాడు. 1990లో బాస్కెట్‌బాల్‌కూ ఒకటి వచ్చింది. పేరు పక్కన పైకో కిందికో బాణం గుర్తు. కార్డు వెనక ఎన్ని పాయింట్లు, ఎన్ని రీబౌండ్లు అని చదివే పిల్లలు పత్రికలో ఎన్ని డాలర్లని చదవడం మొదలుపెట్టారు. ఆ కాలంలో అమెరికా బళ్లలో చదివిన మన తెలుగువాళ్ల పిల్లలకూ ఈ రెండు చదువులూ అబ్బాయి. తల్లిదండ్రులకు క్రికెట్ తప్ప తెలియని ఇళ్లలో, కార్డు వెనకవైపే ఆ ఆటకు తొలి వాచకం.

అందరూ దాచుకుంటే ధర పెరుగుతుందనుకున్నారు. అందరూ దాచుకున్నారు కాబట్టే పెరగలేదు. హూప్స్, ఫ్లీర్, స్కైబాక్స్, అప్పర్ డెక్ పోటాపోటీగా అచ్చేసి కుమ్మరించిన ఆ కాలాన్ని కలెక్టర్లు జంక్ వ్యాక్స్ అంటారు. డేవ్ జేమీసన్ అనే జర్నలిస్టు చిన్ననాటి కార్డులు అమ్ముకుందామని బయటికి తీస్తే అడిగే నాథుడు లేడు. ఆ చికాకులోంచి 2010లో మింట్ కండిషన్ అనే మంచి పుస్తకం పుట్టింది. అటకల మీద బయటపడే పెట్టెల్లో అత్యధికం ఇలాంటివే. వాటిని చూసి నిట్టూర్చడం తొందరపాటు. ఎందుకంటే, చూడ్డానికి ఇంత సరదాగా ఉండే కార్డులు వేరే లేవు.

1990-91 హూప్స్‌లో శామ్ విన్సెంట్ కార్డునే తీసుకోండి. విన్సెంట్ ఎవరికీ పెద్దగా గుర్తులేడు. ఆ ఫొటోలో మాత్రం జోర్డాన్ కూడా ఉన్నాడు, 12 నంబరు జెర్సీలో. 1990 ఫిబ్రవరి 14న ఆర్లాండోలో మ్యాచ్‌కు ముందు ఎవరో అతని 23 నంబరు జెర్సీ కొట్టేశారు. పేరు కూడా లేని స్పేర్ జెర్సీ తొడుక్కుని అతను ఆ రాత్రి 49 పాయింట్లు వేశాడు. అదే సెట్‌లో మార్క్ జాక్సన్ కార్డు ఇంకా విడ్డూరం. బంతి పట్టుకున్న జాక్సన్ వెనక ప్రేక్షకుల వరసలో మెనెండెజ్ అన్నదమ్ములు కూర్చుని ఉన్నారు. 1989 ఆగస్టులో తల్లిదండ్రులను చంపి, 1990 మార్చిలో అరెస్టయ్యేలోపు వాళ్లు దర్జాగా మ్యాచ్‌లకు తిరిగిన రోజుల ఫొటో అది. లక్షల ఇళ్లలో ఉన్న ఆ కార్డును దాదాపు మూడు దశాబ్దాల పాటు ఎవరూ సరిగ్గా చూడలేదు. 2018లో సంగతి బయటపడింది. పైసకు కొరగాని కార్డుల కోసం జనం మళ్లీ పెట్టెలు వెతికారు. చిన్ననాటి కార్డును పెద్దయ్యాక చూడటంలో నిజంగా కొత్తగా దొరికేది ఇదే. చిన్నప్పుడు హీరోను చూసే కళ్లు ఇప్పుడు వెనక వరసను చూస్తాయి.

2020లో ఇదంతా మారిపోయింది. కోవిడ్‌తో జనం ఇళ్లలో ఉన్నారు. జోర్డాన్ మీద 'ది లాస్ట్ డ్యాన్స్' డాక్యుమెంటరీ ఏప్రిల్‌లో వచ్చింది. కొందరి చేతుల్లో మిగులు డబ్బుంది. 2021 జనవరి చివర వేలంలో పదికి పది వచ్చిన ఫ్లీర్ జోర్డాన్‌లు రెండు, ఒక్కొక్కటి 7,38,000 డాలర్లకు పోయాయి. ఆ తర్వాత ధర రెండు లక్షల దరిదాపులకు జారింది, అది వేరే కథ. మూడు నెలల్లో వచ్చేన్ని కార్డులు మూడు రోజుల్లో వచ్చిపడుతున్నాయని చెప్పి పీఎస్‌ఏ ఆ మార్చిలో చాలా రకాల సేవలను ఆపేసింది. మే నెలలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక టార్గెట్ దుకాణం బయట కార్డుల కోసం ఒక మనిషి మీద దాడి జరిగింది, తుపాకీ బయటికి వచ్చింది. టార్గెట్ తన దుకాణాల్లో కార్డుల అమ్మకమే కొంతకాలం నిలిపేసింది. ఆ అరలు ఉన్నది పిల్లలు పాకెట్ మనీతో కొనుక్కునే చోట. బడి వదిలే వేళకు అక్కడ మిగిలింది ఖాళీ అరలే.

తిరిగొచ్చిన పెద్దల జేబును కంపెనీలు అంతకు చాలా ముందే పసిగట్టాయి. 2003-04లో అప్పర్ డెక్ ఎక్స్‌క్విజిట్ కలెక్షన్ తెచ్చింది. ఐదు కార్డులు, 500 డాలర్లు. లెబ్రాన్ జేమ్స్ తొలి సంవత్సరం కార్డు, సంతకంతో, జెర్సీ ముక్కతో, ఇన్నే ప్రతులని నంబరు వేసి మరీ. 2007-08లో అదే వరసలో జోర్డాన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలతో, జెర్సీల మీది ఎన్‌బీఏ లోగో ముక్కలతో ఒకే ఒక్క కార్డు చేశారు. 2025 ఆగస్టులో అది 1,29,32,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అంతవరకూ క్రీడా కార్డుల రికార్డు 1952 మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డుది. మాంటిల్ కార్డు అరుదు కావడానికి కారణం అమ్ముడుపోని డబ్బాలను టాప్స్ ఉద్యోగి సై బర్గర్ 1960లో సముద్రంలో పారబోయించడం. జోర్డాన్-కోబీ కార్డుకు ఆ పాటి ప్రమాదం కూడా అక్కర్లేదు. అరుదును కర్మాగారంలోనే కొలిచి పోశారు.

మరోవైపు వాదన కూడా ఉంది, కొట్టిపారేయలేనిది. పెద్దల డబ్బు లేకపోతే వీధి కార్డుల దుకాణాలు ఎప్పుడో మూతపడేవి. ఫ్లీర్ జోర్డాన్‌కు నకిలీలు లెక్కలేనన్ని, గ్రేడింగ్ లేకపోతే అమాయకులు మునిగిపోతారు. పిల్లలకూ అదృష్టం పడుతుందనడానికి ఈ మధ్యే ఒక ఉదాహరణ కూడా దొరికింది. లాస్ ఏంజలెస్ ప్రాంతంలో 11 ఏళ్ల పిల్లవాడికి క్రిస్మస్ కానుకగా వచ్చిన డబ్బాలో పాల్ స్కీన్స్ అనే బేస్‌బాల్ పిచ్చర్ తొలి మ్యాచ్ జెర్సీ బిళ్ల ఉన్న ఏకైక కార్డు వచ్చింది. 2025 మార్చి వేలంలో 11 లక్షల డాలర్లు దాటి పలికింది. ఆ కుటుంబానికి మంచే జరిగింది. కానీ కార్డుల గురించి పిల్లవాడు వార్తల్లోకి రావాలంటే ఇప్పుడు లాటరీ తగలాల్సిందే అన్నది కూడా ఆ వార్తే చెబుతోంది. ఫోన్‌లో లైవ్ పెట్టి, ఎవరో డబ్బాలు విప్పుతుంటే ఫలానా టీము కార్డులు నావని ముందే డబ్బు కట్టే బ్రేక్‌లు చూస్తే లాటరీ అన్న మాట ఎక్కువేమీ అనిపించదు.

2009 నుంచి పానినీ చేతిలో ఉన్న ఎన్‌బీఏ కార్డుల లైసెన్సు 2025 అక్టోబరు నుంచి తిరిగి టాప్స్‌కు వచ్చింది. టాప్స్ ఇప్పుడు ఫనాటిక్స్ అనే కంపెనీ సొంతం. ఆ కార్డుల వ్యాపారంలో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ వాటాలున్నాయి. అంటే పిల్లలను మళ్లీ ఆటలోకి తేవడం ఒక కంపెనీ దయ మీద కాదు, ఆట నడిపేవాళ్ల సొంత ప్రయోజనం మీదే ఆధారపడి ఉంది. చెయ్యవలసింది పెద్ద పనేం కాదు. సంతకాలు, నంబర్లు, జెర్సీ ముక్కలు ఏవీ లేని ఒక మామూలు ప్యాకెట్, పిల్లవాడి పాకెట్ మనీకి అందే ధరలో, ఏడాది పొడవునా అరల్లో ఉంచాలి. లోపల లాటరీ లేకపోతే తెల్లవారుజామునే వచ్చి అరలు ఊడ్చుకుపోయే మారుబేరగాళ్లకు దానితో పనుండదు. బ్రేక్‌లకు పద్దెనిమిదేళ్ల నిబంధన పెట్టి, దాన్ని గట్టిగా అమలుచేయాలి. లాభం కొంత తగ్గుతుంది. కోటి డాలర్ల కార్డులు అమ్ముడుపోయే చోట ఆ మాత్రం తగ్గితే కొంప మునగదు.

కంపెనీలు కదిలేదాకా ఆగనక్కర్లేనివాళ్లకు దారి ఇప్పటికే ఉంది. 1990-91 హూప్స్ సీలు తియ్యని డబ్బాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, ఈనాటి కొత్త డబ్బాల ముందు కారుచౌకగా. ఒక్కోదానిలో ఐదు వందలకు పైగా కార్డులు. అన్నీ పిల్లలకిచ్చి విప్పించవచ్చు, మార్చుకోనివ్వవచ్చు, సైకిలు చక్రానికి కట్టుకుంటామన్నా అడ్డు చెప్పనక్కర్లేదు. శామ్ విన్సెంట్ కార్డు గనక బయటపడితే, వెంటనే ఏమీ చెప్పకుండా, ఆ 12ను ఎవరు ముందు కనిపెడతారో పందెం కాయొచ్చు.