వేషం కట్టేదెవరు?

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఆ నిషేధం కోరాయి. ఒక్క ఉత్తర్వుతో దాదాపు వందేళ్ల నాటకం రంగస్థలం దిగింది. ఏ పాత్ర వల్ల ఏ కులం నొచ్చుకుందో అడగడం మనకు బాగా వచ్చు. వేషం కట్టే అవకాశం ఎవరికి దక్కింది, ఆటను రాసి నడిపించేదెవరు అని మాత్రం అడగం.

చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర ఎండాకాలం జరిగే భారతాన్నే తీసుకోండి. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. తెలుగూ తమిళమూ కలిసిపోయిన ఊళ్లు. ఆడేవాళ్లలో దళితులు, వెనకబడిన కులాలవాళ్లే ఎక్కువ. అర్జునుడు పాడుకుంటూ తపసుమాను ఎక్కుతుంటే, కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. తెల్లవార్లూ పాడి, ఆడి, ఊరినంతా కూర్చోబెట్టే ఆ కళాకారుడు తిరుపతి సభలకొచ్చేసరికి ‘జానపదం’ పేరుతో ఊరేగింపులో పది నిమిషాల ముక్క అయిపోతాడు. వేదిక, వేళ, ప్రయోక్త అన్న గౌరవం పద్యనాటకానికే. రాగం తీసి పద్యం పాడితే నాటకమట, ముఖవీణతో పాట ఎత్తుకుంటే జానపదమట! ఈ గీత గీసింది కళ కాదు, కులం. మాట మెత్తగా చెప్పే ఉద్దేశం మాకు లేదు.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో తోటి వేషం, మాతంగి వేషం ఉన్నాయి. అవి కట్టే ఆనవాయితీ కైకాల కుటుంబాలది. మొక్కు వేరు, నాటకం వేరంటారు పెద్దలు, సరే. మరి ఆ గంగమ్మ కథనే నాటకంగా రాసి ఆడించేటప్పుడు, ఊరి చాకిరీ చేసే తోటి ఇంటి ఆడపిల్ల దర్శకురాలు కావడానికి ఏ ఆచారం అడ్డొస్తుంది?

ఇలాంటి అడ్డును దాటినవాళ్లు ఇదివరకే ఉన్నారు. కడప జిల్లా సురభిలో 1885లో ‘కీచకవధ’ ఆడి మొదలైన నాటక కుటుంబాల మూలాలు మరాఠీవి. తెలుగు పద్యాన్ని ఊరూరా మోసింది వాళ్లే. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో వాళ్లింటి ఆడవాళ్లు రంగస్థలమెక్కారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని నటుడు బళ్లారి రాఘవ పట్టుబట్టారు. కళ చెడిపోతుందన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. చెడలేదు, పెరిగింది.

కాబట్టి మా కోరిక సూటిగా చెబుతున్నాం. నాటక పోటీలకు న్యాయనిర్ణేతలుగా భారతం ఆడించే వాద్యార్లను పిలవండి. వాళ్ల బృందాలకు తిరుపతి వేదికల మీద ఒక రాత్రి పూర్తిగా ఇవ్వండి. కరపత్రం మీద ‘జానపద బృందం’ అని కాకుండా, ఆట కట్టిన మనిషి పేరు వేయండి.