గండి పడకముందే

ఏటిగట్టు పక్కన పెరిగిన మన కోనసీమ వాళ్లకి వరద సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. గట్టుకి ఊట కనిపించిందంటే తెల్లవారేదాకా ఎవరూ ఆగరు. ఊరంతా లేచి ఇసుక బస్తాలు మోస్తుంది. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దల్ని అడగండి, చెబుతారు. అదే, హాస్టల్లో పక్క మంచం మీది మిత్రుడు "ఇంక బతకాలని లేదురా" అంటే మాత్రం "ఊరుకో, పొద్దున్న చూద్దాం" అని దుప్పటి కప్పుకుంటాం. ఇదెక్కడి న్యాయం?

ఆసుపత్రికి పోనీయకుండా ఆపేవి మూడు భయాలు: పోలీసు కేసు, పిచ్చాసుపత్రి, నలుగురి నోరు.

ఆలోచన రావడం ఏనాడూ నేరం కాదు. ప్రయత్నానికి పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉండేది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి వైద్యం చేయించాలంది. 2024 జూలై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలో ఆ 309 లేనే లేదు. రోగిని గొలుసులతో కట్టడం నిషిద్ధం. వైద్య వివరాలు గుట్టుగా ఉంచుకోవడం రోగి హక్కు.

మరి అక్కడ ఏం జరుగుతుంది? ముందు నాడి, బీపీ చూస్తారు. ఆపైన డాక్టరు సూటిగానే అడుగుతారు: ఈ ఆలోచన ఎప్పట్నించి? ఎలా చేయాలన్నది కూడా అనుకున్నావా? నిద్ర పడుతోందా? తాగుడుందా? ఇంట్లో తోడెవరు? సిగ్గుపడక ఉన్నదున్నట్టు చెప్పాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది వట్టి అపోహ. ఒక్కోసారి చాలాసేపు కూర్చోబెడతారు. విసుగొచ్చి లేచి రావద్దు, "ఒంటరిగా ఉండలేను" అని నర్సుతో చెప్పండి. ప్రమాదం తక్కువనుకుంటే తోడున్నవాళ్లకి అప్పగించి, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. ఎక్కువనుకుంటే చేర్చుకుంటారు, లేదా పెద్దాసుపత్రికి పంపుతారు. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మందులిస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. మూడు రోజులకే మానెయ్యకూడదు.

రాజోలైనా, కొత్తపేటైనా, అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే 108కి ఫోను చేయండి. మాట్లాడే మనిషి కావాలంటే 14416 టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆసుపత్రికి చేరేదాకా మిత్రుణ్ణి ఒంటరిగా వదలొద్దు. హాని చేసుకునే వస్తువేదీ అందుబాటులో ఉంచొద్దు.

అధ్యాపకులకూ ఒక మనవి. పరీక్ష పోయిన కుర్రాడికి నీతిబోధ తర్వాత చేయొచ్చండీ. ముందు పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా బాబూ?" అని అడగండి. అవునంటే వెంట నడవండి.

ఇక నలుగురి నోరు అంటారా! గట్టు నిలబెట్టినవాణ్ణి మన ఊళ్లో ఎవరూ వెక్కిరించరు. సాయం అడిగినవాణ్ణీ వెక్కిరించకుండా చూడాల్సింది, మిత్రులారా, మనమే.