వజ్రకీటాన్ని ఎవరు చూశారు?

గండకీ నదిలోని రాయిని వజ్రకీటమనే పురుగు తొలిచి లోపల చక్రాలు చెక్కుతుందట. అదే సాలగ్రామం. చక్రాల తీరును బట్టి లక్ష్మీనారాయణుడో, నరసింహుడో తేలుస్తారు. నరసింహమైతే ఉగ్రం, సంసారుల ఇంట ఉండకూడదంటారు. ఇంత నగిషీ చెక్కిన పురుగుకు కాళ్లెన్ని, దవడ ఎలా ఉంటుందని అడిగితే మాత్రం జవాబుండదు.

రాతిలోని పురుగుకు పేరు పెట్టడానికి శాస్త్రంలో వేరే తంతు ఉంది. స్కాట్లాండులో రైనీ గ్రామం దగ్గర చెకుముకిరాయి లాంటి చెర్ట్ దొరుకుతుంది. 40 కోట్ల ఏళ్ల కిందట వేడినీటి బుగ్గల్లోని సిలికా గడ్డకట్టి, అందులో చిక్కిన చిన్న ప్రాణుల్ని ఉన్నవి ఉన్నట్టే దాచింది. అందులో కనిపించిన ఒక జత దవడలకు 1928లో కీటక శాస్త్రవేత్త టిల్యార్డ్ 'రైనియోగ్నాథా హిర్‌స్టి' అని పేరు పెట్టాడు. ఒళ్లు లేదు, రెక్కల్లేవు, తల కూడా పూర్తిగా లేదు. అయినా ఆ పేరుకు ఆధారమైన నమూనా లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో గాజుపలక మీద భద్రంగా ఉంది. అనుమానమున్నవాళ్లు వెళ్లి మైక్రోస్కోపు కింద చూడొచ్చు.

చూశారు కూడా. 2004లో ఎంగెల్, గ్రిమాల్డి అనే శాస్త్రవేత్తలు ఆ దవడ కీళ్లను పరీక్షించి, ఇది రెక్కల పురుగుల వంశానిదై ఉండొచ్చన్నారు. 2017లో మరో ఇద్దరు అదే గాజుపలకను చూసి, అసలు పురుగే కాదు, జెర్రి కావచ్చన్నారు. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. ఎవరూ ఎవరి మీదా కేసు పెట్టలేదు.

వజ్రకీటానికి అలాంటి గాజుపలక లేదు. పగిలిన సాలగ్రామాన్ని చూస్తే కారణం తెలుస్తుంది. ఆ చుట్టలు ఏ పురుగూ తొలిచినవి కావు. అవి అమ్మొనైట్ గుల్ల ముద్రలు. ఆక్టోపస్‌కు దూరపు చుట్టమైన ఆ సముద్రజీవి డైనోసార్లతో పాటే అంతరించింది. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. దాని అడుగు బురదే ఇప్పుడు కొండెక్కింది. గుల్లలోని గదులు ఆ జీవి పెరుగుతూ ఒకదాని వెనక ఒకటి కట్టుకున్నవి. నాకైతే పురుగు కథ కన్నా ఇదే అద్భుతం.

పూజ చేసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఈ రాయిని ఆడవాళ్లు తాకరాదనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కోట్ల ఏళ్ల నాటి సముద్రపు గుల్లకు మైల ఏమిటి? ఈసారి పూజపెట్టె తెరిచినప్పుడు ఆ రాయిని, ఒక భూతద్దాన్ని మీ అమ్మాయి చేతిలో పెట్టండి.