ఎక్కువ కట్టిన వడ్డీకి లెక్క చెప్పేదెవరు?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు అమ్ముకుని బయటికొచ్చే రైతు చేతిలో పట్టీ ఉంటుంది. తూకమెంత, క్వింటాకు ధరెంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, పెట్టుబడికని ముందు తీసుకున్న దానిలో ఎంత మినహాయించారు, చివరికి చేతికొచ్చిందెంత అన్నీ అందులో రాసి ఉంటాయి. తరుగు పేరుతో కోత పడొచ్చు, ధర తగ్గించి ఉండొచ్చు. అయినా పోట్లాడటానికి కాగితమంటూ ఒకటి ఉంటుంది. అదే రైతు కొడుకు బీటెక్ కోసం తెచ్చిన విద్యారుణాన్ని ఏళ్ల తరబడి కట్టి తీర్చేస్తే, బ్యాంకు చేతిలో పెట్టేది బాకీ లేదన్న ధ్రువపత్రం. కట్టాల్సిన వడ్డీ ఎంత, నిజానికి కట్టించుకున్నది ఎంత అన్న లెక్క అందులో కనపడదు.

లెక్కలో తేడాలుంటాయని రిజర్వు బ్యాంకే ఒప్పుకుంది. 2024 ఏప్రిల్ 29న ఇచ్చిన సర్క్యులర్‌లో, తనిఖీల్లో బయటపడ్డ తప్పుడు పద్ధతుల్ని పేరుపేరునా చెప్పింది. డబ్బు చేతికిచ్చిన రోజు నుంచి కాక అప్పు మంజూరైన రోజు నుంచో, ఒప్పందం రాసుకున్న రోజు నుంచో వడ్డీ వేయడం. నెల మధ్యలో ఇచ్చినా, నెల మధ్యలో తీర్చినా నెల మొత్తానికీ వసూలు చేయడం. ఒకటో రెండో వాయిదాలు ముందుగానే పట్టుకుని వడ్డీ మాత్రం పూర్తి అప్పు మీద కట్టడం. ఇలా ఎక్కువ తీసుకున్నది ఖాతాదారులకు తిరిగి ఇచ్చేయమని ఆదేశించింది. మంచిదే. కానీ తనిఖీ కంటపడని ఖాతాల మాటేమిటి?

విద్యారుణంలో ఈ తేడాలకు ఆస్కారం ఎక్కువ. పంట రుణం ఒక్కసారి చేతికొస్తుంది. చదువు అప్పు ఏడాదికో, సెమిస్టర్‌కో కాలేజీకి వెళ్తుంది. జూన్‌లో మంజూరై, మొదటి లక్ష సెప్టెంబరులో కాలేజీకి చేరిందనుకుందాం. పది శాతం వడ్డీని మంజూరు తేదీ నుంచి లెక్కిస్తే ఆ మూడు నెలలకు 2,500 రూపాయలు ఊరికే పోయినట్టే. ఇక చదువుకునే కాలంలోనూ, ఆ తర్వాత ఇచ్చే విరామంలోనూ వేయాల్సింది బారువడ్డీ అని బ్యాంకుల సంఘం నమూనా పథకం చెబుతోంది. వాయిదాలు మొదలయ్యేటప్పుడే ఆ వడ్డీని అసలుకు కలపాలి. ఖాతాలో నెలనెలా చక్రవడ్డీ పడితే పట్టుకునేదెవరు? స్టేట్‌మెంటు ఇంగ్లీషులో, పొడి అక్షరాల సంకేతాలతో ఉంటుంది. బ్యాంకులో పనిచేసే బంధువుంటే తప్ప దాని గుట్టు తెలియదు.

మన పల్లెల్లో మరో చిక్కుంది. బ్యాంకు వాయిదా నెలనెలా వస్తుంది, రైతుకు డబ్బు నెలనెలా రాదు. పత్తి తీత దసరా తర్వాత, మిర్చి కోతలు సంక్రాంతి దాటాక. నరసరావుపేట వైపు రైతు మార్చిలో యార్డు నుంచి తెచ్చిన యాభై వేలు ఒకేసారి విద్యారుణంలో కడతాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు జీతం ఖాతా నుంచి అదే నెల వాయిదా కూడా దానంతటదే కోతకెళ్తుంది. ఆ యాభై వేలు అసలులో తగ్గాయా, రాబోయే వాయిదాల కోసం పక్కన పెట్టారా అన్నది కౌంటర్‌లో ఎవరూ చెప్పరు, రైతు అడగడు. అసలులో తగ్గించకపోతే పది శాతం లెక్కన ఏడాదికి 5,000 రూపాయల తేడా. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం ఖరారు చేసిన 11,781 రూపాయల క్వింటా ధరతో చూస్తే, అది నలభై కిలోల పైచిలుకు మిర్చి. కూలి, ఎరువు, పురుగుమందు అన్నీ పోను మిగిలిన దాంట్లోంచి పోయే మొత్తమది.

పైగా, అప్పిచ్చిన బ్యాంకు ఈరోజు అదే పేరుతో లేదు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. 2025 మే 1న గుంటూరు కేంద్రంగా ఉన్న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు, ప్రకాశం జిల్లాలో శాఖలున్న ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు మరో రెండింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బోర్డు మారింది కదా అని పాత లెక్కల బాధ్యత మాసిపోదు. పాత బ్యాంకు వడ్డీ తప్పుగా వేస్తే జవాబు చెప్పాల్సింది కొత్త బ్యాంకే.

వడ్డీ రాయితీ కథ ఇంకొంచెం చేదు. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు కోర్సు కాలం, ఆపై ఏడాది వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009-10 నుంచి ఉంది. శాఖ క్లెయిమ్ పంపాలి, కెనరా బ్యాంకు నోడల్ బ్యాంకుగా పరిష్కరించాలి. అది ఆలస్యమైతే తండ్రి కమీషన్ ఏజెంటు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బ్యాంకు వడ్డీ కడతాడు. ఆ తర్వాత రాయితీ వస్తే, ఒకే వడ్డీ రెండుసార్లు జమ అయినట్టే కదా. రెండోది ఎక్కడికి పోయిందో చూపించాల్సిన పని బ్యాంకుది.

అడగకుండా తిరిగిచ్చే వ్యవస్థ మన బ్యాంకులకు చేతకాదనడం ఒట్టి మాట. కరోనా కాలంలో, 2020 మార్చి నుంచి ఆగస్టు వరకూ ఆరు నెలలకు, రెండు కోట్ల లోపు అప్పుల మీద చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడాను కేంద్రం చెల్లించింది. విద్యారుణాలూ అందులో ఉన్నాయి. దరఖాస్తు అక్కర్లేదు, మారటోరియం వాడుకోకుండా ఠంచనుగా కట్టినవాళ్లకూ వచ్చింది. నవంబరు 5 లోగా జమ చేయమంటే చేశారు. నాలుగు లక్షల అప్పుకు పది శాతం మీద ఆ తేడా సుమారు 420 రూపాయలు. అంత చిన్న మొత్తాన్ని లెక్కగట్టి వెనక్కివ్వగలిగిన కంప్యూటరు, పాతిక వందల తప్పును పట్టుకోలేదంటే నమ్మేదెలా?

బ్రిటన్‌లో విద్యారుణం జీతంలోంచే కోత పడుతుంది. కొన్ని నెలలు ఎక్కువ సంపాదించినా ఏడాది మొత్తం ఆదాయం పరిమితి దాటకపోతే కట్టింది వెనక్కి అడగొచ్చు. అక్కడా చాలా సందర్భాల్లో అడిగినవాడికే దక్కుతుంది. ఆ లోపాన్ని మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు.

విద్యారుణాల్లో మొండి బాకీలున్నాయని బ్యాంకులు మొరపెట్టుకుంటాయి. నిజమే. ఎగ్గొట్టినవాడి కోసం రికవరీ ఏజెంట్లుంటారు, మాఫీ కోసం ఎన్నికల హామీలుంటాయి. ఎక్కువ కట్టినవాడి కోసం ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఒక్క వాక్యం ఉండదు.

దారి లేదా అంటే ఉంది. అప్పు తీరాక తనఖా పత్రాలను 30 రోజుల్లో ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు ఖాతాదారుడికి చెల్లించాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అలాంటి గడువూ, అలాంటి జరిమానా ఎక్కువ వసూలైన వడ్డీకీ పెట్టాలి. 2024 అక్టోబరు నుంచి వ్యక్తిగత రుణాలకు అప్పుదారుడికి అర్థమయ్యే భాషలో ముఖ్యాంశాల పత్రం ఇవ్వడం తప్పనిసరి చేశారు. మొదట్లో తెలుగులో ఇవ్వగలిగిన కాగితాన్ని చివర్లోనూ ఇవ్వొచ్చు. ఏ తేదీన ఎంత ఇచ్చారు, ఏ రేటున ఎంత వడ్డీ పడింది, రాయితీ ఎంత వచ్చింది, మిగులుంటే ఏ ఖాతాలో వేశారు అన్నవి ఒక్క పేజీలో పడతాయి. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి తలచుకుంటే వచ్చే సమావేశంలోనే దీన్ని ఎజెండాలో చేర్చవచ్చు.

అప్పటిదాకా, విద్యారుణం తీర్చిన ప్రతి ఇల్లూ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా స్టేట్‌మెంటు కోరుతూ శాఖకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి, రసీదు తీసుకోవాలి. తేడా కనిపిస్తే తేదీలతో సహా ఫిర్యాదు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, సమాచారానికి 14448 నంబరు ఉంది. అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లడానికీ గడువుంటుంది, అది దాటనివ్వకండి.