పుస్తకం బడికి చేరాలి, నకలు బడిలో ఉండాలి

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన అధికరణమిది. మహారాష్ట్రలో బాలభారతి సంస్థ తెలుగుతో కలిపి ఎనిమిది భాషల్లో పాఠ్యపుస్తకాలు ప్రచురిస్తోంది. వాటిని పీడీఎఫ్‌లుగా ఇంటర్నెట్‌లోనూ ఉంచుతోంది. సంతోషమే. కానీ ఎక్కడో సర్వర్‌లో ఉన్న పుస్తకం సిరోంచ పిల్లల ముందుకు వచ్చినప్పుడే ఆ హక్కుకు అర్థం.

సిరోంచ నుంచి గోదావరి దాటితే కాళేశ్వరం. జిల్లా కేంద్రమైన గడ్చిరోలి మాత్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరం. అడవి పల్లెల్లో సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది. సెకనుకు ఒక మెగాబిట్ వేగం నిలకడగా అందితే 60 మెగాబైట్ల పుస్తకం దిగడానికి 8 నిమిషాలు పడుతుంది. ఏడో నిమిషంలో లైను తెగితే చాలాసార్లు మళ్లీ మొదటి నుంచే. పది బడులు ఇదే పుస్తకం కోసం విడివిడిగా తంటాలు పడటం ఎవరికి లాభం?

దీనికి మార్గం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ విడుదల చేసిన ఆర్‌సింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండు కంప్యూటర్లలోని ఫైళ్లను పోల్చి, మారిన భాగాలనే పంపుతుంది. తగిన ఆప్షన్ ఇస్తే ఆగిన చోటి నుంచి సాగుతుంది. విండోస్ వాడేవారికి విన్‌ఎస్‌సీపీ ఉంది. తాలూకాలో ఒక సర్వర్ పెట్టి తెలుగు పుస్తకాలన్నీ ఒకసారి దించితే, బడులు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. సిగ్నల్ లేని బడికి కేంద్ర ప్రముఖ్ పెన్‌డ్రైవ్‌లో చేర్చవచ్చు.

బడి నుంచి బయటికి వెళ్లే ఫైళ్ల సంగతి ఇంకా ముఖ్యం. యూడైస్ ప్లస్‌లో నింపే విద్యార్థుల వివరాల్లో మాతృభాష కూడా ఒకటి. అక్కడ తెలుగు అని పడకపోతే తెలుగు పిల్లలు లెక్కలోకే రారు. అందుకే పంపిన ప్రతి వివరానికీ బడిలో నకలు ఉండాలి. కాపీ చేసేటప్పుడు ఏది మూలమో, ఏది గమ్యమో రెండుసార్లు చూసుకోవాలి. అవి తారుమారైతే పాత ఫైలు కొత్తదాన్ని తుడిచేస్తుంది. రెండు వైపులా ఒకేలా ఉంచే సింక్‌ను భద్రమైన నకలు అనుకోకూడదు. ఒకవైపు చెరిపింది రెండోవైపూ చెరిగిపోవచ్చు. వేరే డిస్క్‌లో తేదీ వేసి మరో ప్రతి దాచాలి.

పిల్లల పేర్లు, ఆధార్ నంబర్లున్న జాబితాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మానాలి. పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా ప్రయాణిస్తుంది. ఎస్‌ఎఫ్‌టీపీ దారిలో అన్నింటినీ గుప్తంగా పంపుతుంది.

తాలూకా సర్వర్, బడికో డిస్క్, ఉపాధ్యాయులకు ఒక రోజు శిక్షణ: విద్యాశాఖను మేము కోరేది ఇంతే. తల్లిదండ్రులు పాఠశాల వ్యవస్థాపన సమితి సమావేశంలో రెండు ప్రశ్నలు అడగాలి. మా పిల్లల తెలుగు పుస్తకాలు బడి కంప్యూటర్‌లో ఉన్నాయా? మాతృభాష గడిలో ఏమని రాసి పంపారు? జవాబును కంప్యూటర్ తెరిచి చూపించమనాలి.